మూడో మాట

సౌదీలో ఇంటిపని చేస్తున్నానని చెప్పగానే ఎదుటివాళ్లు మొహం జాలిగా పెడతారు. నేను నోరు తెరవకముందే నా కథ వాళ్లకు తెలిసిపోతుంది. కొట్టి ఉంటారు, తిండి పెట్టి ఉండరు, ఏడ్చి ఏడ్చి ఉంటుంది పాపం. అలాంటివి జరగవని నేననను. జరిగినవాళ్లను చూశాను, వాళ్ల పక్కన కూర్చున్నాను కూడా. కానీ నా కథ నేను చెప్పకముందే నా తరఫున ఏడ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను, నోరున్న మనిషిని. ఆ నోటితోనే దమ్మామ్‌లో నా ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాను. ఆ సంగతి నేనే చెబుతాను.

మాది రైల్వే కోడూరు. ఊరి పేరులోనే రైలుంది. చుట్టూ అరటి, బొప్పాయి, మామిడి తోటలు. మా అమ్మ ఆ తోటల్లో కలుపు తీసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. పని ఎంత బాగా చేసేదో నాకు తెలియదు గాని, పాట కట్టడంలో ఆమెకు ఎదురు లేదు. ఆమె ఒక మాట అనేది. గుంపంతా ఆ మాటే తిరిగి అనేది. అప్పుడు ఆమె మూడో మాట అనేది. మూడో మాటలో ముల్లు ఉండేది. తోటాయన మజ్జిగలో నీళ్లు మరీ ఎక్కువ పోయించిన రోజు మధ్యాహ్నానికే పాట తయారు.

"మజ్జిగిచ్చే తోటాయప్ప మా మంచి మారాజు," అని అమ్మ అనేది. మజ్జిగిచ్చే తోటాయప్ప మా మంచి మారాజు అని గుంపు అనేది. "ఆ మజ్జిగలో మొగం జూసి తల దువ్వుకుంటిమి," అని అమ్మ ముగించేది.

తోటాయన గట్టు మీదే ఉండేవాడు. వినపడేది. నవ్వేవాడు, లేకపోతే వినపడనట్టు బీడీ ముట్టించేవాడు. మర్నాడు మజ్జిగ కాస్త చిక్కబడేది. అదే మాట ఎవరైనా మామూలుగా అని ఉంటే ఆ పూటకే పని మానిపించేవాడు. నేను భయపడి అమ్మను అడిగితే, "పాటలో అన్న మాటకు పంచాయితీ ల్యాదు మే," అనేది. మా వైపు అది చట్టం. రెండో మాట దగ్గర పాట ఆపకూడదన్నది ఇంకో చట్టం. ఆపితే పని మధ్యలో విడిచిపోయినంత అపశకునం.

తోట పక్కనే రైలుకట్ట. గూడ్సు బండి దగ్గరికి వచ్చేటప్పుడు దాని కూత ఒక తీరుగా ఉంటుంది, మనల్ని దాటగానే కిందికి జారిపోతుంది. ఆ జారుడు మా అమ్మ గొంతులో ఉండేది. నాకూ వచ్చింది. పెళ్లయ్యాక, మొగుడు పోయాక, కూతుర్ని చదివించుకోవడానికి నేను ఆ కట్ట మీద పోయే మద్రాసు బండెక్కి విమానాశ్రయానికి బయలుదేరాను. కోడూరు ప్లాట్‌ఫారం మీద గల్ఫ్‌కు పోయేవాళ్ల చుట్టూ ఎప్పుడూ ఏడుపులే. మా అమ్మ ఏడవలేదు. కిటికీలో నుంచి నా గడ్డం పట్టుకుని, "పోయిరా మే. నోరు మాత్రం ఆడనే పెట్టి రావద్దు," అంది.

దమ్మామ్‌లో నేను చేరిన ఇంటి యజమానికి ఇటుకలు, టైల్సు అమ్మే వ్యాపారం. ఇక్కడ ఇంటి యజమానిని మేమంతా బాబా అంటాం. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఆయనది. పంపించెయ్యాలనుకుంటే పంపించెయ్యగలిగిన మనిషి. చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, ఫోను లాక్కోలేదు, పాస్‌పోర్ట్ నా దగ్గరే ఉంది. నన్ను పెట్టుకున్నది ఆయన తండ్రిని చూసుకోవడానికి. ఆయన్ను పెద్ద బాబా అంటాం. తొంభైకి దగ్గరగా ఉంటాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మిగిలింది ఒకే ఒక్క మాట. లా. అంటే వద్దు, కాదు.

స్నానం అంటే లా. సూప్ అంటే లా. మాత్ర అంటే లా. డాక్టరు వచ్చి ఎలా ఉన్నారంటే కూడా లా. ఆ ఇంట్లో అందరూ ఆ మాటకు విసిగిపోయి ఉన్నారు. నాకు మాత్రం మొదటి రోజే ఆయన నచ్చాడు. దేవుడు ఒక మనిషి దగ్గర మాటలన్నీ తీసుకుని ఒక్కటి ఉంచుకో అంటే, అవును అన్నది వదిలేసి కాదు అన్నది ఉంచుకున్నాడంటే ఆయన తెలివైనవాడన్నమాట.

రేవు నుంచి రియాద్‌కు పెట్టెలు మోసే గూడ్సు బండి ఆ ఇంటికి కాస్త దూరంలో పోతుంది. ఒక మధ్యాహ్నం నేను ఆయన గోళ్లు తీస్తున్నాను. బండి కూసింది. ఆయన ఎడమచేతి వేళ్లు మంచం కమ్మి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత పాడాడు. మూలగడం కాదు, పాడటమే, మాటలతో సహా. ఒక్క మాట తప్ప పలకలేని మనిషి నోట్లోంచి ఇంగ్లీషు మాటలు బండి పెట్టెల్లాగా వరసగా వచ్చాయి. గొంతు బొంగురు. కానీ ఒకచోట స్వరం కిందికి జారింది. ఆ జారుడు నాకు తెలుసు. నా చేతిలోని గోళ్ల కత్తెర కింద పడింది.

పరుగెత్తుకుపోయి ఆయన మనవరాలిని పిలుచుకొచ్చాను. బాబా కూతురు, యూనివర్సిటీలో చదువుతోంది. ఆ పిల్ల వాకిలి దగ్గరే నిలబడిపోయింది. తాత మళ్లీ మొదటినుంచి పాడాడు. పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "ఇది తాత పాట. నా చిన్నప్పుడు పాడేవాడు," అంది.

ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. ఈ దమ్మామ్ రైలుకట్ట మొదటిసారి వేసేటప్పుడు తాత మీసాలు రాని కుర్రాడట. అమెరికావాళ్ల కింద పట్టాలు మోశాడు. అక్కడ ఒక నల్ల అమెరికా మనిషి ఉండేవాడు. రైలు పనివాడో వంటవాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. పని ఆగినప్పుడల్లా మౌతార్గన్ మీద రైలు కూత వాయించేవాడట. ఇద్దరూ కలిసి కట్టుకున్న పాట ఇది. ఇలాంటి పాటల్ని బ్లూస్ అంటారని ఆ పిల్ల చెప్పింది. ఫోనులో కొన్ని వినిపించింది కూడా. అమెరికా దక్షిణాదిలో పట్టాలు మోసింది ఎక్కువగా నల్లవాళ్లేనట. బరువైన పట్టాను అందరూ ఒక్కసారి కదపాలంటే ఒకడు పాట అందుకోవాలి. వాళ్ల పాటల నిండా బండ్లే. కొన్నిసార్లు బండి పారిపోవడానికి దారి, కొన్నిసార్లు కావలసిన మనిషిని ఎత్తుకుపోయిన దొంగ. మద్రాసు బండి నాకు రెండూ అయింది కనుక ఆ సంగతి నాకు ఎవరూ వివరించనక్కరలేదు.

తాత పాటకు అర్థం అడిగాను. పిల్ల అరబ్బీలో చెప్పింది, నేను నాలో తెలుగు చేసుకున్నాను.

పట్టా వేసింది నేను, బండెక్కింది మరొకడు.
పట్టా వేసింది నేను, బండెక్కింది మరొకడు.
టిక్కెట్టని ఎవడైనా అడిగితే నా అరచెయ్యి చూపిస్తా.

నేను పగలబడి నవ్వాను. పిల్ల బిత్తరపోయి, ఇది బాధ పాట కదా అంది. ఎవరు చెప్పారు బాధ పాటని? ఒక మాట, అదే మాట, మూడో దాంట్లో ముల్లు. ఇది మా కలుపు పాట. మా అమ్మ కట్టగలిగిన పాట. బాధ ఉన్న మాట నిజమే. కానీ ఉత్త బాధే అయితే మూలన కూర్చుని ఏడవచ్చు, పాట కట్టే శ్రమ ఎందుకు? ఆ పాట ఎదురుమాట. గట్టు మీద కూర్చున్నవాడికి వినిపించాలని పాడేది.

మాట పోయినవాళ్లకు కొందరికి పాట పోదని, ఆసుపత్రిలో అడిగితే చెప్పారని పిల్ల మర్నాడు వచ్చి చెప్పింది. పాడించమన్నారట. ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి ఆయనతో మామూలుగా మాట్లాడటం మానేశాను. నీళ్లు కావాలా అని అడగాలన్నా పాడి అడిగేదాన్ని, నా వచ్చీరాని అరబ్బీలో. ఆయన నా మాట తిరిగి పాడేవాడు. కొన్నాళ్లకు సొంతంగా రెండు మాటలు, మూడు మాటలు కలిపాడు. సూప్‌లో ఉప్పు లేదని పాడాడు. వంట నాది కాదు, ఆయన కోడలిది. ఆమెకు వినపడేంత గట్టిగా నేను కూడా అందుకున్నాను. సాయంత్రానికి సూప్‌లో ఉప్పు పడింది.

అలా ఉండగా ఒక రోజు గూడ్సు కూత విని ఆయన కిటికీ వైపు చెయ్యి చూపించి పాడాడు. బండి ఎక్కాలి. బండి ఎక్కాలి. బండి ఎక్కాలి. మూడోసారీ అదే మాట. ముల్లు లేదు, ఆశ ఒక్కటే ఉంది. మనవరాలిని అడిగితే తెలిసింది, ఆయన ఆ రైలు ఎప్పుడూ ఎక్కలేదు. పట్టాలు మోసిన రోజుల్లో ఎక్కనివ్వలేదు. తర్వాత వ్యాపారం పెట్టి, డబ్బు వచ్చాక ఇంట్లో కార్లు వచ్చాయి. రైలెక్కే అవసరం రాలేదు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరని సామెత. మోసినవాడు చివర్లో ఒక్కసారి ఎక్కుతానంటే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పదు.

నేను వెళ్లి బాబాకు చెప్పాను. అరబ్బీలో మీరు అనే మాట లేదు. కఫీల్‌నైనా నువ్వు అనే అంటాం. అది నా నోటికి బాగా కలిసొచ్చింది.

"పెద్ద బాబా రైలెక్కుతానంటున్నాడు," అన్నాను.

"మా నాన్నకు మాట లేదు. ఎలా అన్నాడు?"

"పాడాడు."

ఆయన విసుగ్గా నవ్వాడు. "ఆయన వేసిన పట్టాలు ఎప్పుడో పీకేశారు. ఆ కట్ట మీద ఇప్పుడు ఆయనది ఒక్క మేకు కూడా లేదు. రైలు దారిలో ఉన్న హుఫూఫ్ ఊరు చూడాలంటే నా కారులో తీసుకెళ్తాను."

అన్నట్టే శుక్రవారం పొద్దున్న కారు తీశాడు. చక్రాల కుర్చీని కారు దాకా తోసుకొచ్చాం. పెద్ద బాబా ఎడమచేత్తో కారు తలుపు పట్టుకుని, లా, అన్నాడు. ఎంత బతిమాలినా ఆ చెయ్యి విడిపించలేకపోయాం. మళ్లీ లోపలికి తోసుకొచ్చాను. బాబా మొహం చూసి నాకు కాస్త జాలి వేసిన మాట నిజం. కొడుకు మంచి చేద్దామనే అనుకున్నాడు, తండ్రి అడిగిన మంచి అది కాదు.

గొడవ అక్కడితో పోయేది. కానీ ఆ వారమే ఎవరో పెద్ద కాంట్రాక్టరు ఇంటికి వస్తే, లోపలి నుంచి పెద్ద బాబా పాట వినపడింది. కాంట్రాక్టరు నవ్వాడట. ఏం నవ్వో, ఎందుకు నవ్వో. బాబాకు తల కొట్టేసినట్టయింది. వీధిలో నలుగురూ లేచి నిలబడే పెద్దమనిషి, ఇప్పుడు చొంగ కారుతున్న నోటితో ఎవరో కూలీవాళ్ల పాట పాడుతున్నాడని ఊరు అనుకోకూడదు. నన్ను పిలిచి, ఇకమీదట ఈ ఇంట్లో పాట వద్దు, ఆయన్ను పాడించకు, నువ్వు పాడకు అన్నాడు. రియాద్‌లో కచేరీకి పోయివచ్చిన ఫోటోలు ఆయన ఫోనులోనే ఉన్నాయి. టిక్కెట్టు కొని వినేది గొప్ప, ఇంట్లో తండ్రి నోట్లోంచి వస్తే తలవంపు. నాకు ఎంత మండిందో చెప్పలేను. కానీ తలుపు మూసుకుని ఊరుకున్నాను. తిరుపతిలో కూతురి నర్సింగు చదువు ఇంకా పూర్తి కాలేదు.

పెద్ద బాబా కూడా ఊరుకున్నాడు. ఆ తర్వాతి వారాల్లో మొదట పాట ఆగింది. తర్వాత తాళం ఆగింది. బండి కూసినా వేళ్లు కదలలేదు. ఆ తర్వాత లా అనడం కూడా మానేశాడు. పెట్టింది తిన్నాడు, వేసిన మాత్ర మింగాడు, ఎటు తిప్పితే అటు తిరిగాడు. ఇప్పుడు ఎంత నెమ్మదిగా ఉన్నాడో అని కోడలు సంతోషపడింది. నాకు మాత్రం భయం వేసింది. వద్దు అనడం మానేసిన మనిషిలో ఇంకేం మిగిలి ఉంటుంది? కళ్ల ముందే ఆయన లోపలికి లోపలికి వెళ్లిపోతున్నాడు. పట్టుకుని లాగడానికి నా దగ్గర ఉన్నది పాట ఒక్కటే. అది వద్దన్నారు.

ఆ ఇంటి డ్రైవరుది జగిత్యాల దగ్గర పల్లె. నన్ను అక్కా అంటాడు. వంటింటి వెనక వాకిట్లో టీ తాగుతూ అతనికి చెప్పుకున్నాను.

"నీకెందుకక్కా ఈ లొల్లి? ఆల్ల అయ్య, ఆల్ల ఇల్లు. ఊకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుకం లేదు," అన్నాడు.

"నీ గుండు నీకు సుఖం. ఆయప్ప సచ్చిపోతాండాడు, కనపల్యా నీకు?"

"కనవడ్తే ఏం జేస్తవ్? కఫీల్‌తోని పెట్టుకుంటే దెల్వదా? ఖురూజ్ కొట్టి పంపిస్తడు."

ఖురూజ్ అంటే దేశం వదిలి పొమ్మనే కాగితం. నాకు తెలియక కాదు. టీ గ్లాసు కడిగి బోర్లించి లోపలికి పోయాను.

తర్వాతి శుక్రవారం భోజనాలయ్యాక మగవాళ్లు కూర్చునే గదిలో చుట్టాలు చేరారు. పెద్ద బాబా తమ్ముడు కూడా వచ్చాడు, ఆయనా ముసలివాడే. నేను కాఫీ పట్టుకుని తిరుగుతున్నాను. అన్న ఎలా ఉన్నాడని తమ్ముడు అడిగాడు. బాబా సంతోషంగా, "ఇప్పుడు చాలా నయం. అసలు గోల చెయ్యడం లేదు," అన్నాడు.

గోల అన్నాడు. నేను చేసిన పని అక్కడున్న ఎవరికీ అర్థం కాకపోవచ్చు, కోడూరు ఆడవాళ్లకు మాత్రం అర్థమవుతుంది. నేను కోపంతో తిరగబడలేదు. ఏళ్ల తరబడి మా అమ్మ వెనక నడిచిన దాన్ని. గట్టు మీద యజమాని, కింద నేను, మధ్యలో ఒక అన్యాయం. అలాంటప్పుడు పాట కట్టడమే మర్యాద. పాటలో అన్న మాటకు పంచాయితీ లేదు. ఆ చట్టం దమ్మామ్‌లో చెల్లదన్న ఆలోచన ఆ క్షణాన నాకు రానే లేదు. కాఫీ కూజా పట్టుకునే, నవ్వు మొహంతో అరబ్బీలో అందుకున్నాను.

"బండి ఎక్కుతానన్నాడు తండ్రి, వద్దన్నాడు కొడుకు."

గదిలో నవ్వు ఒక్క మొహంలోనూ లేదు. తమ్ముడు కాఫీ కప్పు పెదవి దగ్గరే ఆపేశాడు. బాబా లేచి నిలబడ్డాడు. "ఏమన్నావ్?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇది తోట కాదని. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను.

లోపలి గదిలోంచి బొంగురు గొంతు వచ్చింది. "బండి ఎక్కుతానన్నాడు తండ్రి, వద్దన్నాడు కొడుకు."

అదే మాట, అదే జారుడు, ఒక్క అక్షరం పోకుండా. గుంపు తిరిగి అన్నట్టే అన్నాడు. రెండో మాట దగ్గర పాట ఆపకూడదు. ఉద్యోగం పోతే పోయింది, ఇల్లు పోతే పోయింది, ఇంత కష్టపడి ఆయన రెండో మాట అందించాక నేను మూడోది మింగేస్తే మా అమ్మ కూతుర్ని కాను. బాబా కళ్లలోకే చూస్తూ పాడాను.

"పట్టాలు మారాయి కొడుకా, మరి దారి వేసిందెవడు?"

"ఖురూజ్," అన్నాడు బాబా. "ఈ వారంలోనే. సామాను సర్దుకో."

"సర్దుకుంటాను. ముందు ఆయన్ను బండెక్కించు," అన్నాను.

ఇంకేం జరిగేదో గాని తమ్ముడు చెయ్యి ఎత్తాడు. ఆయన కళ్లలో నీళ్లు. "ఏడాదైంది మా అన్న గొంతు విని. మాట్లాడాడు. విన్నారా? రైలన్నాడు. కొడుకు వద్దన్నాడని కూడా అన్నాడు," అన్నాడు. చుట్టాలందరూ బాబా వైపు చూశారు. చుట్టాల ముందు తండ్రి ఫిర్యాదు చేశాక ఏ కొడుకైనా ఏం చెయ్యగలడు? తల వంచుకుని టిక్కెట్లు తీస్తానన్నాడు.

వంటింటి వాకిట్లో డ్రైవరు నన్ను చూసి తల కొట్టుకున్నాడు. "అయిపాయె. ఇగ బ్యాగు సదురుకో అక్కా."

"సదురుకుంటాలే అప్పా. బండి యాళకు మమ్మల్ని స్టేషన్‌కాడ దింపు చాలు."

ప్రయాణం రోజు మనవరాలికి పరీక్ష. ప్లాట్‌ఫారం దాకా వచ్చి తాతకు ముద్దు పెట్టి వెళ్లింది. మందులు, డైపర్లు, నీళ్లు చూసుకోవడానికి మనిషి కావాలి కనుక నన్ను తీసుకుపోక బాబాకు తప్పలేదు. టిక్కెట్లు హుఫూఫ్ వరకే. కారు తీసుకుని డ్రైవరు హుఫూఫ్‌లో ఎదురుచూడాలి, దిగగానే ఎక్కించుకుని వెనక్కి రావాలి. నా ఖురూజ్ కాగితం పనిలో ఉందని కోడలు నాతో ముందే చెప్పింది.

బండి కదిలింది. పెద్ద బాబాను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. పాడతాడని నేను, పాడకపోతే బాగుండునని కొడుకు. ఆయన పాడలేదు. బయటికి చూస్తూ ఉన్నాడు. ఇసుక, గొట్టాలు, కంచె, మళ్లీ ఇసుక. దారిలో బఖీఖ్ స్టేషన్ దాటాక పక్కన రెండో పట్టా మీద గూడ్సు ఎదురొచ్చింది. దాని కూత మా మీదికి వచ్చి, దాటి, కిందికి జారిపోయింది. ఆయన ఎడమచేతి వేళ్లు కిటికీ అంచు మీద మెల్లగా కదిలాయి. నేను తల తిప్పేసుకున్నాను, నా కళ్లు ఆయనకు కనపడకూడదని.

హుఫూఫ్ వచ్చింది. బాబా లేచి చక్రాల కుర్చీ విప్పాడు. తండ్రి చంకల కింద చేతులు పెట్టాడు.

"లా," అన్నాడు పెద్ద బాబా.

ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! వచ్చేసింది, ఎక్కడికి పోయిందో అక్కడి నుంచి తిరిగి వచ్చేసింది. ఎడమచెయ్యి ముందు సీటు కమ్మిని పట్టుకుంది. బాబా బతిమాలాడు, టిక్కెట్టు ఇక్కడికే అన్నాడు, కారు వచ్చి ఉందన్నాడు. లా, లా, లా. సాయం పట్టమన్నట్టు బాబా నా వైపు చూశాడు. నేను మందుల సంచిలో దేనికోసమో వెతుకుతూ కూర్చున్నాను. తలుపులు మూసుకున్నాయి. బండి రియాద్ వైపు కదిలింది.

నా ఫోను మోగింది. "అక్కా, నేనీడ స్టేషన్ల నిలవడ్డ. మీరేరి?"

"రియాద్ పోతాండాం అప్పా."

"ఆఁ? మరి నేనేం జెయ్యాలె?"

"ఎనకాలే రా."

టిక్కెట్లు చూసే కుర్రాడు వచ్చాడు. మర్యాదగానే అడిగాడు, మీవి హుఫూఫ్ వరకే కదా అని. బాబా సంజాయిషీ మొదలుపెట్టేలోపు పెద్ద బాబా ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్లు చాచి, అరచెయ్యి ఆ కుర్రాడి మొహం ముందు పెట్టాడు. పాట అందుకున్నాడు, మొత్తం మూడు మాటలూ, పెట్టెలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా. కుర్రాడు ఆ చేతిని చూసి, నన్ను చూసి, బాబాను చూశాడు. బాబా మొహం ఎర్రగా ఉంది. కార్డు తీసి మిగతా దూరానికి డబ్బు కట్టాడు. "ఈ లైను వేసినవాళ్లలో మా నాన్న ఉన్నాడు," అన్నాడు, నేల వైపు చూస్తూ. కుర్రాడు వంగి పెద్ద బాబా తలకు ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బాబా గొంతు తగ్గించి నాతో అన్నాడు. "ఇదంతా అయ్యాక నువ్వు ఉండిపోవచ్చని అనుకోకు. ఆ రోజు నువ్వు చేసింది తప్పు. నిన్ను పంపించేది ఖాయం."

అప్పటికి నాకు భయం తీరిపోయింది. కూతురి చదువు గుర్తుంది, కోడూరులో పని దొరకదనీ గుర్తుంది. అయినా సరే అనడానికి నోరు రాలేదు. ఆ ముసలాయన దగ్గర నేను నేర్చుకున్న అరబ్బీ ఒక్క మాటే.

"లా," అన్నాను.

పెద్ద బాబా కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే, "లా," అన్నాడు.

ఒక మాట అయింది. అదే మాట తిరిగి అనడం అయింది. మూడోది బాబా చెప్పాలి. ఆయన మా ఇద్దరినీ చూశాడు. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. తండ్రి వేళ్లు కిటికీ అంచు మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

రియాద్ వచ్చేదాకా ఆయన ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ కూడా అయింది. ఇప్పటికీ ఆ మూడో మాట చెప్పలేదు.